పేపర్‌బ్యాక్ వెన్ను ఎందుకు విరుగుతుంది?

ఇంట్లో పుస్తకాల అల్మరా ఉన్నవాళ్లందరికీ ఈ చిక్కు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. తాతగారి కాలంలో కొన్న భారత సంపుటం ఒకటి ఉంటుంది. అట్ట అరిగిపోయింది, మూలలు నలిగాయి, కాగితం గోధుమరంగుకు తిరిగింది. అయినా ఒక్క కాగితం ఊడిరాదు. దాని పక్కనే నాలుగేళ్ల క్రితం పుస్తక ప్రదర్శనలో కొన్న నవల. నిగనిగలాడే అట్ట, తెల్లటి కాగితం, చక్కటి అచ్చు. నడిమికి తెరిచి బల్ల మీద బోర్లా పెడితే వెన్ను దగ్గర టప్పుమని చప్పుడు. మళ్లీ చేతిలోకి తీసుకుంటే నాలుగు కాగితాలు జారి ఒళ్లో పడతాయి.

మొదటిదాన్ని బైండు పుస్తకం అంటాం, రెండోదాన్ని పేపర్‌బ్యాక్ అంటాం. గట్టి అట్ట ఉంది కనుక అది నిలిచిందనీ, మెత్తటి అట్ట కనుక ఇది చెడిందనీ అనుకుంటాం. కానీ ఊడిన కాగితాలకూ అట్టకూ ఉన్న సంబంధం చాలా తక్కువ. అట్ట చేసే పని దుమ్ము, దెబ్బ తగలకుండా కాయడం. కాగితాలను పట్టి ఉంచే పని వెన్నుది. అక్కడ దారం ఉందా, జిగురు ఉందా, జిగురైతే ఏ జిగురు, కాగితం ఏ వాటాన కోశారు అన్నవే పుస్తకం ఆయుష్షును తేలుస్తాయి. ఇవేవీ కొనేటప్పుడు పుస్తకం మీద రాసి ఉండవు.

ఒక మాట, చాలా రకాల పుస్తకాలు

పేపర్‌బ్యాక్ అంటే దళసరి కాగితపు అట్ట వేసిన పుస్తకం. మన ప్రచురణకర్తలు మామూలుగా 250 నుంచి 300 జీఎస్ఎం ఆర్ట్‌కార్డు వాడి, దానిపై మెరిసే లామినేషనో మ్యాట్ లామినేషనో వేయిస్తారు. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. గట్టి అట్ట పుస్తకానికైతే దళసరి బోర్డు మీద గుడ్డో కాగితమో అతికిస్తారు. పాత తెలుగు పుస్తకాల్లో సాదా ప్రతికి ఒక వెల, క్యాలికో బైండుకు ఒక వెల వేసేవారు. క్యాలికో అంటే ఆ బోర్డు మీద అతికించే గుడ్డ.

ఇంగ్లిష్ పుస్తక వ్యాపారంలో పేపర్‌బ్యాక్ అనే మాట కింద రెండు వేర్వేరు సరుకులున్నాయి. కోటు జేబులో పట్టేంత చిన్నగా, చవక కాగితం మీద అచ్చువేసి, రైల్వే స్టేషన్లలో, పత్రికల దుకాణాల్లో అమ్మేది మాస్ మార్కెట్ పేపర్‌బ్యాక్. గట్టి అట్ట పుస్తకమంత సైజులో, అదే మేలు కాగితం మీద వచ్చేది ట్రేడ్ పేపర్‌బ్యాక్. మొదటి రకాన్ని అమెరికాలో దాదాపు పత్రికల్లాగే చూశారు. అమ్ముడుపోని ప్రతుల అట్టలు మాత్రం చింపి వెనక్కి పంపితే ప్రచురణకర్త డబ్బు తిరిగిచ్చేవాడు, మిగతా పుస్తకాన్ని నాశనం చేసేవారు. అలాంటి పుస్తకం యాభై ఏళ్లు నిలవాలని దాన్ని తయారుచేసినవాళ్లే అనుకోలేదు. మన దగ్గర ఈ తేడా పాటించం. డెమ్మీ సైజు విమర్శ గ్రంథమైనా, పాకెట్ సైజు డిటెక్టివ్ నవలైనా మనకు పేపర్‌బ్యాకే.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మెత్తటి అట్ట కింద దారంతో కుట్టిన పుస్తకాలు ఉంటాయి. గట్టి అట్ట కింద ఒట్టి జిగురుతో అంటించిన పుస్తకాలూ ఉంటాయి. రెండో రకం ఈమధ్య బాగా పెరిగింది. అట్ట గట్టిదని ఎక్కువ వెల పెట్టి కొన్న పుస్తకం లోపల సాదా ప్రతిలో ఉన్న వెన్నే ఉండొచ్చు.

దండెం మీది పంచె

ప్రెస్సులో పుస్తకాన్ని పేజీ తర్వాత పేజీగా అచ్చువేయరు. ఒక పెద్ద కాగితం మీద రెండు వైపులా కలిపి 16 పేజీలు అచ్చు వేసి, దాన్ని మడతలు పెడతారు. ఆ మడతల కట్టను ఫారం అంటారు. 160 పేజీల పుస్తకమంటే 10 ఫారాలు. పేజీల సంఖ్య తరచుగా పదహారుతోనో ఎనిమిదితోనో భాగించగలిగేలా ఉండటానికీ, కొన్ని పుస్తకాల చివర ఖాళీ పేజీలు మిగలడానికీ కారణం ఇదే.

కుట్టు పుస్తకంలో సూది ప్రతి ఫారం మడత నడిమి నుంచి దూరి బయటికి వస్తుంది, అదే దారం పక్క ఫారాన్ని కూడా పట్టుకుంటుంది. ఇక్కడ జరిగేది గమనించాలంటే దండెం మీద ఆరేసిన పంచెను తలుచుకోండి. పంచె నడిమికి మడిచి తాడు మీద వేస్తే రెండు కొసలూ రెండు వైపులా వేలాడతాయి. ఒక కొస పట్టి కిందికి లాగితే గుడ్డంతా కదులుతుంది, అటు కొసను కూడా పట్టుకున్నామంటే ఎంత గుంజినా ఊడిరాదు. ఊడాలంటే తాడైనా తెగాలి, గుడ్డైనా చిరగాలి. ఫారంలో దారమే దండెం, కాగితం పంచె. మూడో పేజీ ఉన్న కాగితమూ పద్నాలుగో పేజీ ఉన్న కాగితమూ నిజానికి ఒకే కాగితం, మడతలో దారం మీదుగా అటూ ఇటూ దిగింది. ఒక దాన్ని లాగితే రెండోది పట్టి ఆపుతుంది.

ఇప్పుడు ఆ పంచెను తాడు వెంబడి కత్తిరించి, రెండు ముక్కల అంచులనూ తాడుకు జిగురుతో అంటించారనుకోండి. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. పేపర్‌బ్యాక్‌లో జరిగేది సరిగ్గా ఇదే.

వెన్ను కోసి అంటించడం

మన ప్రెస్సుల్లో దీన్ని పర్ఫెక్ట్ బైండింగ్ అంటారు. మడిచిన ఫారాలన్నీ వరసగా పేర్చి, వెన్ను వైపు ఉన్న మడతలను రెండు మూడు మిల్లీమీటర్ల మేర కోసేస్తారు. ఆ కోతతో ఫారమనేది ఇక ఉండదు, అన్నీ విడివిడి కాగితాలే. వాటి అంచులను గరుకుగా గీరి, కరిగించిన జిగురు పూసి, అట్టను చుట్టూ వేసి బిగించి నొక్కుతారు. చివరికి పై అంచు, కింది అంచు, ముందు అంచు కోసి సమం చేస్తారు. పెద్ద యంత్రం మీద ఇదంతా నిమిషాల పని. కుట్టుతో పోలిస్తే కాలమూ ఖర్చూ బాగా కలిసివస్తాయి.

కానీ ఒక్కో కాగితానికి దొరికే పట్టు ఎంతో లెక్క వేసి చూడండి. మనవాళ్లు ఎక్కువగా వాడే 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. డెమ్మీ పుస్తకం ఎత్తు దాదాపు 21 సెంటీమీటర్లు. అంటే జిగురును తాకే అంచు వైశాల్యం మొత్తం కలిపినా 20 చదరపు మిల్లీమీటర్ల లోపే, చిటికెన వేలి గోరులో చిన్న భాగం. మీరు పేజీ తిప్పిన ప్రతిసారీ, పుస్తకాన్ని వెనక్కి విరిచిన ప్రతిసారీ ఆ బలమంతా మోసేది ఈ సన్నని గీతే. గీరడంలో ఉన్న ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. గీరితే అంచున కాగితపు నార పోగులు పైకి లేస్తాయి, జిగురు వాటి మధ్యకు దిగి గడ్డకడుతుంది. నున్నగా కోసిన అంచు మీద జిగురు పైపైనే నిలుస్తుంది. గీరినప్పుడు లేచిన కాగితపు దుమ్మును సరిగ్గా ఊడ్చకపోతే జిగురు ఆ దుమ్మును పట్టుకుంటుంది, కాగితాన్ని కాదు.

బొమ్మల పుస్తకాలూ ఫొటో పుస్తకాలూ ముందుగా ఊడటానికి కారణం కూడా ఈ అంచులోనే ఉంది. ఆర్ట్‌పేపర్ మెరుపు కోసం దాని మీద సుద్దలాంటి ఖనిజపు పూత వేస్తారు. అంచులో కొంత భాగం ఆ పూతే ఆక్రమిస్తుంది, నార తక్కువ. పూతను పట్టుకున్న జిగురు, పూత రాలగానే దాంతోపాటు రాలుతుంది.

రెండు పద్ధతులకూ మధ్యదారి ఒకటుంది. మడతలను పూర్తిగా కోయకుండా, వెన్ను పొడవునా అక్కడక్కడ గాట్లు మాత్రం పెట్టి, ఆ గాట్లలోంచి జిగురు లోపలి మడతల దాకా దిగేలా చేస్తారు. ఫారం ఫారంగానే ఉంటుంది. కుట్టంత గట్టిది కాకపోయినా కోసి అంటించినదాని కన్నా ఎంతో మేలు.

> కుట్టా, జిగురా? దుకాణంలోనే చూసుకోండి
>
> పుస్తకాన్ని మూసి, వెన్ను పై కొసను కళ్లకు దగ్గరగా పెట్టి చూడండి. కాగితాలు చిన్న చిన్న కట్టలుగా విడిపోయి, ప్రతి కట్ట వెన్ను వైపు గుండ్రంగా మడత తిరిగి కనిపిస్తే ఫారాలు కోయలేదని అర్థం. కాగితాలన్నీ ఒకే గడ్డగా, వెన్ను దగ్గర తిన్నగా కోసినట్టు ఉంటే అది ఒట్టి జిగురు బైండింగ్. తర్వాత పుస్తకాన్ని మెల్లగా తెరిచి పేజీలు తిప్పుతూ వెళ్లండి. పదహారేసి పేజీలకోసారి మడత నడుమ దారం కనిపిస్తే కుట్టు పుస్తకం. మడతలుండి దారం లేకపోతే గాట్ల బైండింగ్. అట్ట గట్టిదైనా మెత్తనిదైనా ఈ పరీక్ష ఒకటే.

జిగురులో ముగ్గురి పని

ప్రెస్సుల్లో ఎక్కువగా వాడే జిగురును ఈవీఏ అంటారు. గింజల రూపంలో వస్తుంది. సుమారు 160 నుంచి 180 డిగ్రీల వేడిలో కరిగించి పూస్తారు, చల్లబడగానే గట్టిపడుతుంది. ఆరేదాకా ఆగనక్కర్లేదు కనుకే యంత్రం అంత వేగంగా నడుస్తుంది.

అందులో ప్రధానంగా మూడు పదార్థాలుంటాయి. సాగే గుణం, బలం ఇచ్చేది ఈవీఏ అనే ప్లాస్టిక్. వేడిగా ఉన్నప్పుడే కాగితాన్ని అంటుకునే గుణం ఇచ్చేది ఒక రెసిన్. కరిగినప్పుడు పల్చగా పారడానికీ, చల్లారగానే బిగుసుకోవడానికీ కలిపేది మైనం. ఈ పాళ్లలోనే కిటుకంతా ఉంది. మైనం ఎక్కువ, ప్లాస్టిక్ తక్కువ ఉంటే జిగురు చవకవుతుంది, త్వరగా బిగుస్తుంది, అంతే త్వరగా పెళుసవుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఏళ్ల తరబడి రెసిన్‌నూ ప్లాస్టిక్‌నూ కొద్దికొద్దిగా మారుస్తూ ఉంటుంది. పొడవాటి అణువుల గొలుసులు తెగుతాయి, సాగే గుణం పోతుంది. అప్పుడు పుస్తకాన్ని నడిమికి తెరిస్తే జిగురు పొర వంగలేక పగులుతుంది. టప్పుమన్న చప్పుడు అదే.

ఒకసారి పగిలాక ఆ పగులే ఆ పుస్తకానికి కీలు అవుతుంది. తర్వాత ఎప్పుడు తెరిచినా అక్కడే తెరుచుకుంటుంది, వంపు భారమంతా అక్కడే పడుతుంది. అందుకే ఊడిన కాగితాలు పుస్తకమంతటా చెల్లాచెదురుగా కాకుండా ఒకే చోట గుత్తిగా వస్తాయి.

గట్టి అట్ట పుస్తకానికి ఈ విషయంలో ఒక నిజమైన మేలుంది, ఒప్పుకోవాలి. దాని అట్ట వెన్నుకు, లోపలి పుస్తకం వెన్నుకు మధ్య ఖాళీ ఉంటుంది. తెరిచినప్పుడు లోపలి వెన్ను స్వేచ్ఛగా వంగుతుంది. పేపర్‌బ్యాక్‌లో అట్ట నేరుగా వెన్నుకు అంటుకుని ఉంటుంది కనుక వెన్నుతోపాటు అట్టా మడత పడాలి. బాగా చదివిన పేపర్‌బ్యాక్ వెన్ను మీద కనిపించే తెల్లటి గీతలన్నీ ఆ మడతలే.

ఈవీఏ కన్నా మెరుగైన జిగురు కూడా ఉంది, పీయూఆర్ అంటారు. ఇది చల్లారి ఊరుకోదు. గాలిలోని, కాగితంలోని తేమతో రసాయనికంగా కలిసి, ఒక రోజు అటూ ఇటూగా తన నిర్మాణాన్నే మార్చుకుంటుంది. ఆ తర్వాత వేడి చేసినా మళ్లీ కరగదు. చాలా పల్చని పొర సరిపోతుంది కాబట్టి పుస్తకం హాయిగా తెరుచుకుంటుంది. ఆర్ట్‌పేపర్‌ను కూడా బాగా పట్టుకుంటుంది. ఖరీదు ఎక్కువ. తేమ తగిలితే యంత్రంలోనే బిగుసుకుపోతుంది కాబట్టి శుభ్రం చేయడంలో చాలా జాగ్రత్త కావాలి. చిన్న ప్రెస్సులు దీని జోలికి పోకపోవడం అర్థం చేసుకోదగ్గదే.

రబ్బరుతో మొదలైన కథ

కుట్టు లేకుండా కాగితాలు అంటించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1836లో లండన్‌లో విలియం హాన్‌కాక్ ఒక పేటెంటు తీసుకున్నాడు. వెన్ను మడతలు కోసేసి, విడి కాగితాల అంచులకు రబ్బరు ద్రావణం పూసి అతికించే పద్ధతి అది. పుస్తకం బల్లపరుపుగా తెరుచుకునేది కనుక బొమ్మల పుస్తకాలకు బాగా నచ్చింది. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి రబ్బరు గట్టిపడి పొడిపొడిగా రాలింది. ఎంతో అందమైన అట్టల మధ్య ఆ పుస్తకాలు విడి కాగితాల దొంతరలై మిగిలాయి. పొడవాటి గొలుసుల అణువులను ఆక్సిజన్ తినేయడమే అక్కడా కారణం.

1930లలో జర్మనీలో ఎమిల్ లుంబెక్ వేరే దారి పట్టాడు. కాగితాల దొంతరను ఒక పక్కకు విసనకర్రలా వంచి, పల్చని చల్లని జిగురు పూశాడు. తర్వాత రెండో పక్కకు వంచి మళ్లీ పూశాడు. ఇలా వంచినప్పుడు జిగురు అంచుకే కాక ఒక్కో కాగితం ముఖం మీదికి కూడా వెంట్రుకవాసి పాకుతుంది. ఇందాక లెక్క వేసిన 20 చదరపు మిల్లీమీటర్లు ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతాయి. నేటికీ పెద్ద గ్రంథాలయాల్లో ఊడిన పేపర్‌బ్యాక్‌లకు మళ్లీ బైండు చేసే మంచి పద్ధతుల్లో ఇదొకటి.

అదే కాలంలో పేపర్‌బ్యాక్ ప్రపంచాన్ని చుట్టింది. లైప్‌జిగ్‌లో టౌక్నిట్జ్ సంస్థ 1841 నుంచే మెత్తటి అట్టలతో ఇంగ్లిష్ పుస్తకాలు వేస్తోంది. 1932లో హాంబర్గ్‌లో ఆల్బట్రాస్ సంస్థ ఒకే సైజు, రచనా ప్రక్రియను బట్టి అట్ట రంగు అన్న పద్ధతి తెచ్చింది. 1935లో లండన్‌లో అలెన్ లేన్ ఆ పద్ధతినే అందిపుచ్చుకుని పెంగ్విన్ పుస్తకాలు మొదలుపెట్టాడు. ఒక్కోటి ఆరు పెన్నీలు, అప్పట్లో ఒక సిగరెట్ పెట్టె వెల. వూల్‌వర్త్స్ దుకాణాలు 63,500 ప్రతులకు ఆర్డరివ్వడంతో లేన్ పందెం గెలిచాడు. అమెరికాలో 1939లో పాకెట్ బుక్స్ 25 సెంట్లకు పుస్తకం ఇచ్చింది. మన దేశంలో 1958లో హింద్ పాకెట్ బుక్స్ వచ్చింది. తెలుగులో ఎమెస్కో 1960లలో పాకెట్ పుస్తకాలతో, ఇంటింటా సొంత గ్రంథాలయం పథకంతో నవలలను మధ్యతరగతి ఇళ్లలోకి తెచ్చింది.

పుస్తకం చవక కావడంలో అట్టకన్నా ప్రతుల సంఖ్యకే పెద్ద వాటా అని చెప్పాలి. గుడ్డ, బోర్డు మిగిల్చిన డబ్బు కొంతే. వేలల్లో అచ్చు వేయగలగడం, కుట్టు దగ్గర ఆగిపోకుండా యంత్రం నడవడం అసలు ఆదా. పెళుసు వెన్ను గురించి ఎంత బాధపడినా, ఆ వెన్నే లేకపోతే తెలుగులో నవల ఇన్ని చేతుల్లోకి వెళ్లేది కాదు.

కాగితానికీ ఒక వాటం ఉంది

జిగురు మంచిదైనా పుస్తకం మొండికేస్తుంది ఒక్కోసారి. తెరిచి పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, వదిలితే టక్కున మూసుకుంటుంది. వానాకాలం వచ్చేసరికి వెన్ను దగ్గర కాగితం అలలు అలలుగా ముడుతలు పడుతుంది. ఇది బైండరు తప్పు కాకపోవచ్చు. కాగితాన్ని అడ్డంగా కోసి ఉంటారు.

కాగితం మిల్లులో పల్చటి గుజ్జు నీళ్లు వేగంగా కదిలే జల్లెడ మీద పడతాయి. ఆ వేగానికి నార పోగుల్లో ఎక్కువ భాగం యంత్రం నడిచే వైపుకే తిరిగి పడుకుంటాయి. అందుకే ప్రతి కాగితానికీ ఒక వాటం ఏర్పడుతుంది. వాటం వెంబడి కాగితం తేలిగ్గా మడత పడుతుంది, అడ్డంగా మొరాయిస్తుంది. తేమ తగిలితే నార పోగు పొడవులో పెద్దగా మారదు, లావెక్కుతుంది. కాబట్టి కాగితం ఉబ్బేదంతా వాటానికి అడ్డంగానే.

పుస్తకంలో ఈ వాటం వెన్నుకు సమాంతరంగా, పైనుంచి కిందికి ఉండాలి. అప్పుడు పేజీ మెత్తగా తిరుగుతుంది, తేమకు ఉబ్బినా పక్కకు, ఖాళీగా ఉన్న ముందు అంచు వైపుకు పెరుగుతుంది. వాటం అడ్డంగా ఉంటే పేజీ వెన్ను పొడవునా పెరగాలని చూస్తుంది. అక్కడ జిగురు పట్టి ఆపుతుంది. పెరగడానికి చోటు లేక కాగితం అలలు కడుతుంది, జిగురును లోపలి నుంచి గుంజుతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఉక్కలో ఈ గుంజులాట నెలల తరబడి సాగుతుంది.

అయినా అడ్డవాటాన ఎందుకు అచ్చువేస్తారంటే, చేతిలో ఉన్న షీటులో పేజీలు అలా అమరితేనే కాగితం వృథా కాదు. ఆ మిగులు ప్రచురణకర్తది, నష్టం పాఠకుడిది.

దళసరి కాగితం మోజు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పుస్తకం లావుగా, విలువైనదిగా కనిపించాలని 70 బదులు 90, 100 జీఎస్ఎం వాడుతున్నారు కొందరు. కాగితం మందం రెట్టింపైతే దాని బిరుసుదనం రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. అలాంటి కాగితం తిప్పిన ప్రతిసారీ సన్నని వెన్నును మీటతో ఎత్తినట్టు పైకి లేపుతుంది. జిగురు బైండింగుకు పల్చని కాగితమే హితం.

> కాగితం వాటం ఎలా తెలుసుకోవాలి?
>
> అదే రకం కాగితం ముక్క ఒకటి తీసుకుని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపండి. వాటం వెంబడి చింపితే దాదాపు తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చింపితే వంకరలు తిరుగుతుంది. చింపడానికి మనసొప్పకపోతే, ముక్కకు ఒక వైపు మాత్రం తడి చేయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కున ఉందో అదే వాటం.

పసుపు ఒకటి, పెళుసు ఇంకొకటి

పాత పాకెట్ నవలల కాగితం పసుపుపచ్చగా మారడానికీ, ముట్టుకుంటే విరగడానికీ కారణాలు వేరు. చెక్కలో నార పోగులను కలిపి ఉంచే పదార్థం లిగ్నిన్. చెక్కను యంత్రాలతో రుబ్బి చేసిన చవక గుజ్జులో లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది. వెలుతురు, ఆక్సిజన్ తగిలి అది రంగు మారుతుంది. ఎండలో పడేసిన దినపత్రిక రెండు రోజుల్లో పచ్చబడేది ఇందుకే.

పెళుసుదనానికి కారణం ఆమ్లం. రాసినా అచ్చువేసినా సిరా పాకకుండా కాగితంలో ఒక మందు కలపాలి. జర్మనీకి చెందిన మోరిట్జ్ ఫ్రెడ్రిక్ ఇల్లిగ్ 1807లో రోజిన్, పటిక కలిపే పద్ధతి బయటపెట్టాడు. చవక, సులువు, ప్రపంచమంతా అదే వాడింది. పటిక నుంచి పుట్టే ఆమ్లం తేమతో కలిసి సెల్యులోజ్ గొలుసులను ఏళ్ల తరబడి తెంపుతూ పోతుంది. గొలుసులు పొట్టివైన కాగితం మడిస్తే విరుగుతుంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో మిల్లులు క్షారపు పద్ధతికి మళ్లి, కాల్షియం కార్బోనేట్ కలపడం మొదలుపెట్టాయి. అది పుట్టిన ఆమ్లాన్ని పుట్టినట్టే హరిస్తుంది. ఈ కాలపు తెల్లకాగితం అందుకే మెరుగైనది. చిత్రమేమంటే నిలిచే కాగితం వచ్చేసరికి, దాన్ని నిలిపే కుట్టు తగ్గిపోయింది.

ఎండ, చలి

ఈవీఏ జిగురు వేడికి కరిగేది కనుక వేడికే మెత్తబడుతుంది. మే నెల విజయవాడలోనో రామగుండంలోనో మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన పుస్తకంలో జిగురు సడలి కాగితాలు పక్కకు జారుతాయి. చల్లారాక వంకరగానే బిగుస్తాయి. గడ్డకట్టే చలిలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. అమెరికాలోని మిషిగన్‌లోనో మినసోటాలోనో జనవరిలో తలుపు ముందు గంటల తరబడి పడి ఉన్న పార్సెల్‌ను తెచ్చి, వెంటనే విప్పి నడిమికి తెరిస్తే వెన్ను విరుగుతుంది. అక్కడ తెలుగు పుస్తకాలు తెప్పించుకునేవాళ్లు పార్సెల్‌ను ఇంటి వెచ్చదనంలో ఒక రోజు అలాగే ఉంచి విప్పడం మంచిది.

కొత్త పుస్తకం ఏదైనా సరే, మొదటిసారి తెరిచే పద్ధతి ఒకటుంది. వెన్నును బల్ల మీద నిలబెట్టి, ముందు అట్టను వాల్చాలి, తర్వాత వెనక అట్టను. పిదప ముందు నుంచి కొన్ని కాగితాలు, వెనక నుంచి కొన్ని కాగితాలు, మార్చి మార్చి వాలుస్తూ నడిమికి చేరాలి. వంపు ఒక్కచోటే పడకుండా వెన్నంతటా పరుచుకుంటుంది. రెండు నిమిషాల పని, పుస్తకానికి ఏళ్ల ఆయుష్షు.

ఊడిన తర్వాత

వారపత్రికల సీరియల్ కాగితాలు చింపి దాచి, వీధి చివరి బైండరుతో పుస్తకంగా కుట్టించుకున్న తరం మనది. ఆ బైండర్లు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి జిగురు చేసుకునేవారు. అంచు నుంచి కాస్త లోపలికి దబ్బనంతో పొడిచి, అడ్డంగా దారం లాగేవారు. ఎంత గట్టిదంటే, ఆ పుస్తకాలు నేటికీ చెక్కుచెదరలేదు. కానీ ఈ కుట్టు లోపలి మార్జిన్‌ను తినేస్తుంది. ఇరుకు మార్జిన్ ఉన్న పేపర్‌బ్యాక్‌ను ఇలా కుట్టిస్తే వెన్ను దగ్గరి అక్షరాలు కనబడవు, చదవాలని విరిస్తే కుట్టు వెంబడి కాగితం చిరుగుతుంది. మైలుతుత్తంలోని రాగి కాలక్రమంలో కాగితాన్ని పాడుచేస్తుంది కూడా.

ఊడిన కాగితాలకు సెల్లోటేపు మాత్రం వేయకండి. దాని జిగురు కాగితంలోకి ఇంకి, కొన్నేళ్లకు ముదురు మరకగా మిగులుతుంది. దాన్ని తీయడం నిపుణులకూ కష్టమే. ఒకటి రెండు కాగితాలే ఊడితే, నీళ్లలో కలిసే తెల్ల జిగురును సన్నని కుంచెతో అంచుకు పల్చగా పూసి, కాగితాన్ని లోపలికి తిన్నగా నిలిపి, పుస్తకాన్ని బరువు కింద రాత్రంతా ఉంచితే చాలు. వెన్నంతా వదులైతే బైండరుకు ఇచ్చేటప్పుడు అడ్డకుట్టు వద్దని, కాగితాలు రెండు వైపులా వంచి తెల్ల జిగురు పట్టించి, పైన పల్చని గుడ్డ వేయమని అడగండి. లుంబెక్ పేరు ఆయన విని ఉండకపోవచ్చు, పని చూపిస్తే చేతికి వెంటనే అందుతుంది.

ప్రచురణకర్తలకు

ఇప్పుడు రెండు మూడు వందల ప్రతులే వేయించుకునే రచయితలు ఎక్కువయ్యారు. డిజిటల్ యంత్రం చాలావరకు విడి కాగితాల మీద అచ్చువేస్తుంది. మడత లేనిచోట ఫారం లేదు, ఫారం లేనిచోట మడత కుట్టు సాధ్యం కాదు. కనుక తెలుగులో వస్తున్న కొత్త సాహిత్యంలో పెద్ద భాగం జిగురు మీదే ఆధారపడి బతకాలి. ఆ కథలు, కవిత్వం చాలావాటికి ఆ కొన్ని వందల ప్రతులే ఉంటాయి, పునర్ముద్రణ ఉండదు. ఆ జిగురు ఏదన్నది అందుకే చిన్న విషయం కాదు.

అట్ట లామినేషన్ మీద పెట్టే శ్రద్ధలో సగం వెన్ను మీద పెట్టండి. నిఘంటువులు, పాఠ్యగ్రంథాలు, సంపూర్ణ రచనల సంపుటాలు పదేపదే తెరిచే పుస్తకాలు కాబట్టి వాటిని కుట్టించండి, మెత్తటి అట్టే వేసినా సరే. కుట్టు వీలుకానిచోట పీయూఆర్ జిగురున్న ప్రెస్సును వెతకండి. కాగితం ఆర్డరిచ్చేటప్పుడు వాటం వెన్నుకు సమాంతరంగా రావాలని చెప్పండి. పుస్తకం వివరాల పేజీలో వెల, ప్రతుల సంఖ్య, ముద్రణాలయం పేరు వేస్తున్నారు. వాటి పక్కనే బైండింగ్ ఏ రకమో, కాగితం ఏదో ఒక్క వరుసలో వేయండి. కొనేవాళ్లు ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో తెలిసి కొంటారు.